మడతలో వదిలిన రోజులు

పట్టీ విప్పగానే మైకాయన ఎడమ జబ్బ మీద ఎర్రటి చుక్కలు బయటపడ్డాయి. సూదిమొనతో వరసగా పొడిచినట్టు సన్నగా, రక్తపోటు చూసే ఆ పట్టీ ఎంత వెడల్పుందో సరిగ్గా అంతమేర. కత్తెరమ్మ మంచం మీదికి వంగింది. ఇరవయ్యేళ్ళుగా ఎన్నో జబ్బలకు చుట్టుకొలత తీసిన మనిషి. వేలితో మెల్లగా నొక్కి చూసింది. దద్దురైతే నొక్కినప్పుడు పాలిపోవాలి. ఇవి పాలిపోలేదు.

"ముట్టుకోవద్దన్నానా అమ్మా?" అంది పెద్ద సిస్టరు, అవతలి మంచం దగ్గర్నించే.

"ముట్టుకోలేదమ్మా, కొలుస్తున్నాను."

"కొలతలు మేం తీస్తాం. మీకున్నది అరగంట. ఏదైనా మాట్లాడండి, వింటారు."

మాట్లాడాలట. వాళ్ళింట్లో మాట్లాడే శాఖ మొదట్నించీ ఆయనది. బస్టాండులో మైకు ముందు కూచుని రోజుకు ఎనిమిది గంటలు మాట్లాడి, ఇంటికొచ్చి మిగతా ఎనిమిది గంటలు మాట్లాడే మనిషి. "ఏడో నంబరు బస్సు వచ్చేదాకా బస ఇక్కడే! ప్రయాణికులు విసుక్కోకండి, విసురుకోండి!" అని ఆయన అంటే ఎండలో చెమటలు కక్కుతున్న జనం కూడా నవ్వుకుని చేతిలో పేపరుతో విసురుకునేవాళ్ళు. పెళ్ళయిన వారానికి "దర్జీని చేసుకున్నాను, ఇక నాదంతా దర్జాయే" అని ఆ మైకులోనే చాటించిన ఘనుడు. కత్తెరమ్మ అన్న పేరు కూడా ఆయన పెట్టిందే, అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఆమె మాత్రం ఆయన మాటలకు ఒక్కనాడూ నవ్వలేదు. నవ్వితే ఇంకోటి వేస్తాడని భయం. "కాసేపు నోరు మూసుకోండి బాబూ" అని మిషను తొక్కుతూనే రోజుకు పదిసార్లు అనేది.

ఇప్పుడు మూసుకున్నాడు. నోట్లో గొట్టం, గొట్టం కదలకుండా పెదవుల మీద అడ్డంగా ప్లాస్టరు, దాని చివర ఊపిరి కొట్టే యంత్రం. కుట్టుపని చేసేదానికి ఆ ప్లాస్టరు అంటించిన తీరు చూస్తే ప్రాణం ఉసూరుమనేది. ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి.

"ఏమండీ," అంది. ఆ తర్వాత ఏమనాలో తోచక, "మీ జబ్బ మీద చుక్కలొచ్చాయి," అంది.

తలుపు దగ్గర అలికిడైంది. పెద్ద డాక్టరు రౌండ్సుకు వచ్చాడు. వెనక కళ్ళజోడు డాక్టరమ్మ, ఆమె చేతిలో అట్ట. ఆ అట్టకు బిగించిన కాగితం మీద మైకాయన ప్రాణం గళ్ళుగళ్ళుగా రాసి ఉంటుంది. బయటివాళ్ళను పొమ్మంటారు గాని, కత్తెరమ్మ పరదా పక్కకు జరిగి, మడతలో మడతలా నిలబడిపోయింది.

"ప్లేట్‌లెట్లు?"

"నిన్న లక్షా పదివేలు సార్. ఇవాళ డెబ్భై నాలుగు వేలు."

"రక్తం పల్చబడ్డానికి ఇచ్చే సూది ఆపేయండి. ఈ యాంటీబయాటిక్ ఎన్నో రోజు?"

డాక్టరమ్మ కాగితం మీద వేలు పెట్టింది. "రెండో రోజు సార్."

"అయితే ఇంకా పని మొదలెట్టలేదు. పద్నాలుగు రోజులు పూర్తిగా ఇద్దాం. ఇన్‌ఫెక్షనే ప్లేట్‌లెట్లని తినేస్తోంది."

కత్తెరమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసింది.

రెండో రోజు కాదు. పదహారో రోజు. ఆమె బ్లౌజుకు లోపలివైపు ఒక పెద్ద పిన్నీసు ఉంది, దానికి పదహారు చీటీలు గుచ్చి ఉన్నాయి. ఈ ఆసుపత్రిలో రోగి తాలూకు మనిషే రోజూ చీటీ పట్టుకుని కింద మందుల కౌంటరుకు వెళ్ళి ఆ రోజు మందు తేవాలి, కౌంటరులో ముద్ర కొట్టి చీటీ తిరిగిస్తారు. అందరూ దాన్ని చెత్తబుట్టలో వేస్తారు. ఆమె వెయ్యదు. కొట్లో గుడ్డ చేతికొచ్చిందంటే దానికి చీటీ గుచ్చాల్సిందే. కత్తిరించేవాడి దగ్గర్నించి కుట్టేవాడికి, కుట్టేవాడి దగ్గర్నించి కాజాలు తీసేవాడికి గుడ్డ చేతులు మారుతుంది గాని చీటీ మారదు. ఇక్కడ మాత్రం గది మారితే కాగితం మారుతుంది. కింది వార్డులో ఈ మందును ఎనిమిది రోజులు సెలైన్‌లా సంచితో ఎక్కించారు. పైన ఐసీయూకు తెచ్చాక కొత్త కాగితం తీసి "ఒకటో రోజు" అని రాసి, అదే సంచి ఆరు రోజులు ఎక్కించారు. ఆదివారం నాడు సంచి మానేసి మాత్ర నూరి ముక్కు గొట్టంలో పోయడం మొదలెట్టారు. మళ్ళీ "ఒకటో రోజు". పెట్టె అదే, నీలం గీత పెట్టె.

చెప్పకుండా ఎందుకు ఆగిందంటే, కింది వార్డు డాక్టరు ఒక మాట అన్నాడు. "ఇది గట్టి మందమ్మా. పద్నాలుగు రోజులు దాటి ఇవ్వం." ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి వచ్చిన మైకాయనకు ఆ మందు పడ్డ మూడో రోజునే జ్వరం దిగింది. అది నిలబెట్టిన మందు. పద్నాలుగో చీటీ గుచ్చుతూ అనుకుంది, రేపట్నించి మానేస్తారు గదా, ఆ తర్వాత మనిషి గతేమిటి? తీరా చూస్తే వాళ్ళే లెక్క తప్పారు. ఏ చొక్కా కుట్టినా లోపల అంగుళం గుడ్డ మడతలో వదులుతుంది ఆమె, మనిషి ఒళ్ళు చేస్తే విప్పుకుంటాడని. పైకి కనపడదు, అవసరానికి అక్కరకొస్తుంది. ఈ రోజులు కూడా అలాంటివే అనుకుంది. వాళ్ళకు కనపడకుండా ఆయన కోసం మడతలో నాలుగు రోజులు.

పరదా వెనకనించి నోరు మెదపకుండా బయటికి వచ్చేసింది.

బయట హాలులో ఇనపకుర్చీలు వరసగా ఉంటాయి. గోడ మీద ఒక మైకు డబ్బా. "రెండో మంచం తాలూకు" అని అది పిలిస్తే రెండో మంచం వాళ్ళు గుండె చేత్తో పట్టుకుని లేస్తారు, మిగతావాళ్ళు పాపం హమ్మయ్య అనుకుంటారు. ఆ పిలిచే గొంతుకు ఎత్తూ లేదు పల్లమూ లేదు. మైకాయన వినుంటే ముందు ఆ గొంతుకే వైద్యం చేయించమనేవాడు.

పక్క కుర్చీ డ్రిల్లు మాష్టారిది. నాలుగో మంచం మీద ఉన్నది ఆయన కూతురు, లారీ గుద్ది తొడ ఎముక విరిగి, పుండు పుచ్చి, అది ఒళ్ళంతా పాకింది. ముప్పయ్యేళ్ళు పిల్లల చేత కవాతు చేయించిన మనిషి గనక కుర్చీలో కూడా నిటారుగా కూచుంటాడు. కంగారు పుట్టినకొద్దీ జోకు పెరుగుతుంది ఆయనకు.

"చూశావా చెల్లెమ్మా, పేరుకేమో ఐ సీ యూ. చూడనిచ్చేది అరగంట."

"డెబ్భై నాలుగు వేలకు పడిపోయిందట మాష్టారూ."

"ఏంటవి, ప్లేట్లా?"

"ప్లేట్‌లెట్లు."

"చిన్న ప్లేట్లన్నమాట. మా ఇంట్లో పెద్దవే బోలెడున్నాయి, పట్టుకొస్తే సర్దుకుంటారేమో అడుగు." ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "లేదులే. ఊరికే అన్నాను. మీవారి గ్రూపేది?"

చెప్పింది.

"నాదీ అదే. అవసరమైతే మొహమాటపడకు. వన్ అంటే లేస్తాను, టూ అంటే సూది దగ్గరుంటాను."

మర్నాడు నలభై తొమ్మిది వేలు. బుధవారం ఇరవై ఎనిమిది.

డబ్బా "రెండో మంచం" అని పిలిచింది. కత్తెరమ్మ, ఆమె మరిది ఇద్దరూ పరిగెత్తారు. మరిది లారీల మెకానిక్కు. పని బట్టలతోనే వచ్చాడు, చేతులు మూడుసార్లు కడిగినా గోళ్ళలో గ్రీజు పోలేదు. కళ్ళజోడు డాక్టరమ్మ తలుపు సందులోనించే చెప్పింది.

"ప్లేట్‌లెట్లు ఎక్కించాలి. దాత కావాలి. గొట్టంలోంచి పీల్చినప్పుడల్లా రక్తం పడుతోంది."

"ఎందుకు పడిపోతున్నాయి డాక్టరమ్మా?" అన్నాడు మరిది. "బండి ఆయిలు తగ్గిపోతోందంటే ఎక్కడో కారుతుండాలి, లేదా లోపల మండిపోతుండాలి. ఊరికే పోస్తూ కూచుంటామా?"

"అదే వెతుకుతున్నాం. ఇన్‌ఫెక్షను అనుకుంటున్నాం." డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. "మందు మీద నాలుగో రోజేగా. ఇంకో రెండు మూడు రోజుల్లో లొంగాలి."

నాలుగో రోజు. కత్తెరమ్మ చెయ్యి తనకు తెలీకుండానే పిన్నీసు మీదికి పోయింది. పద్దెనిమిది చీటీలు, వేలికి మందంగా తగిలాయి. లొంగాలి అంటోంది గదా. మందు ఉంటేనేగా లొంగేది. ఇప్పుడు చెబితే ఆపేస్తారు. ఆపేస్తే...

"ఏంటమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఏం లేదండి."

డ్రిల్లు మాష్టారు అన్నమాట ప్రకారం లేచాడు. రక్తనిధి గదిలో ఆయన్ను వాలుకుర్చీలో పడుకోబెట్టి, చేతికి సూది గుచ్చి, రక్తాన్ని యంత్రంలోకి తీసి, పచ్చటి పదార్థమేదో సంచిలోకి వేరుచేసి, మిగతాది మళ్ళీ ఆయనకే పంపారు. గంటన్నర పట్టింది. అంతసేపూ ఆయన గుప్పిట మూస్తూ తెరుస్తూ "వన్, టూ, వన్, టూ" అంటూనే ఉన్నాడు.

"ఎవరినైనా వరసలో నిలబెట్టారా మాష్టారూ?" అంది కత్తెరమ్మ. కుర్చీ పక్కన నిలబడింది, ఆయన ఋణం ఎలా తీర్చాలో తెలీక ఆయన చొక్కా చేతి కుట్టు ఊడిందని గమనించింది.

"ప్లేట్‌లెట్లని. అటెన్షన్‌లో వెళ్ళమంటున్నాను. అక్కడికి పోయాక చెదిరిపోకుండా."

అక్కడే బల్ల మీద కూచుని, తాళిలో ఎప్పుడూ ఉండే సూదితో ఆయన చొక్కా చెయ్యి కుట్టేసింది. దారం రంగు కలవలేదు. మాష్టారు దాన్ని చూసుకుని, "పతకం తగిలించినట్టుంది" అన్నాడు.

సాయంత్రానికి లెక్క యాభై రెండు వేలకు చేరింది. కత్తెరమ్మ ఆ అంకెను కొలతల పుస్తకంలో, ఎవరిదో నడుము కొలత పక్కన రాసుకుంది. గురువారం పొద్దున్నే డబ్బా మళ్ళీ పిలిచింది. ముప్పై. పదిగంటలకు ఇంకో పరీక్ష. ఇరవై ఒకటి.

అరగంట సమయంలో లోపలికి వెళితే మైకాయన ముక్కులో దూది ఉంది, ఎర్రగా. చిగుళ్ళ వెంబడి నల్లటి గీత. తొడ మీద అరచేయంత కమిలిన మచ్చ. ఎవరూ కొట్టలేదు, మంచం మీద అటునుంచి ఇటు తిప్పారంతే. పెద్ద సిస్టరు ఆయన నోట్లోంచి సన్నటి గొట్టంతో పీలుస్తూ, ఆమె చూడకుండా భుజం అడ్డం పెట్టింది. అయినా కనపడింది. కొట్లో ఎర్ర రంగు దిగే గుడ్డ నానబెట్టిన బకెట్టు నీళ్ళలా ఉంది.

"ఇప్పుడు మాట్లాడండి," అంది కత్తెరమ్మ, ఆయన చెవి దగ్గర. "ఏదో ఒకటి వాగండి. ఈసారి నవ్వుతాను. ఒట్టు."

యంత్రం ఊపిరి కొట్టింది. ఆపింది. కొట్టింది.

హాల్లో మరిది కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"వదినా, నేను మాట్లాడేశాను. అవతలి పెద్దాసుపత్రిలో మంచం ఉందన్నారు. అంబులెన్సు రెండు గంటలకు వస్తుంది. ఇక్కడ వీళ్ళకి ఏం అంతు చిక్కట్లేదు."

"ఈ స్థితిలో కదిలిస్తే?"

"కదిలించకపోతే ఏమవుతుందో కళ్ళతో చూస్తున్నావుగా! అన్నయ్య పోతే నిన్ను మాట అనను వదినా. కానీ నన్ను నేను అనుకోకుండా ఉండలేను." చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుంటే గ్రీజు బుగ్గకు అంటుకుంది. "ఈ పూట మందు మాత్రం తెచ్చిచ్చెయ్. దార్లో వెయ్యడానికి ఉంటుంది."

పంతొమ్మిదో చీటీ పట్టుకుని కిందికి దిగింది. మందుల కౌంటరు మీసాలాయన ఆమెను ఎరుగును. మూడు వారాలుగా రోజూ ఒకే వేళకు వచ్చి, చిల్లర అడక్కుండా చీటీ మాత్రం అడిగి పుచ్చుకుపోయే మనిషిని ఎవరు మర్చిపోతారు? అలమరలోంచి నీలం గీత పెట్టె తీశాడు. ముద్ర కొట్టబోయి ఆగాడు.

"ఇంకా ఇదేనా అమ్మా?"

"అదేనండి. మొదట్లో సంచి, ఇప్పుడు మాత్ర."

"రెండూ ఒకటే మందులెండి. ఎన్ని రోజులైంది మొత్తం?"

"పంతొమ్మిది."

మీసాలాయన ముద్ర పక్కన పెట్టాడు. పెట్టెలోంచి మడతపెట్టిన కాగితం లాగి, బల్ల మీద పరిచి, చీమలబారులాంటి అక్షరాల మీద వేలు నడిపించాడు.

"నేను డాక్టర్ని కాదు. చెప్పకూడదేమో కూడా. కానీ పది పద్నాలుగు రోజులు దాటిందంటే రక్తంలో కణాలు పడిపోతాయేమో చూసుకోమని రాసుంటుంది దీనిమీద. ఇదిగో. ప్లేట్‌లెట్లు అంటారు. ఆపేస్తే మళ్ళీ వాటంతటవే లేస్తాయట. మీవాళ్ళు లెక్క చూస్తూనే ఉండుంటార్లెండి."

బల్ల అంచు పట్టుకుంది. ఇంకెవరో వెనకనించి "అమ్మా, జరగండి" అన్నారు. జరగలేదు. పంతొమ్మిది రోజులు. నిలవ లేదంటే మీసాలాయనతో పోట్లాడి, గోడౌనుకు ఫోను చేయించి మరీ తెచ్చింది ఒకరోజు. తన చేతులతో. సోమవారం నాడు పరదా వెనకాల తెరిచిన నోరు మూయకుండా ఉంటే డెబ్భై నాలుగు వేలు. మంగళవారం చెప్పినా నలభై తొమ్మిది. ఇవాళ ఇరవై ఒకటి. మడతలో వదిలింది అంగుళం గుడ్డ కాదు, ఆయన ఒంట్లో రక్తం.

చీటీ తీసుకుని, పెట్టె అక్కడే వదిలేసి మెట్లెక్కింది. లిఫ్టు కోసం ఆగలేదు. మూడంతస్తులు.

కళ్ళజోడు డాక్టరమ్మ నర్సుల బల్ల దగ్గర నిలబడి బదిలీ కాగితం రాస్తోంది, ఇంకో ఆసుపత్రికి పంపే కాగితం. రాస్తున్న వరస పైనించి కిందికి చదివింది కత్తెరమ్మ, అర్థం కాకపోయినా అంకెలు తెలుస్తాయి. మందు పేరు. దాని పక్కన ఐదు.

"ఐదు కాదు," అంది.

"అమ్మా, లోపలికి రాకూడదు, టైము..."

"ఐదు కాదమ్మా, పంతొమ్మిది." పిన్నీసు తీసే ప్రయత్నంలో బొటనవేలికి గుచ్చుకుంది. చీటీల కట్ట బల్ల మీద పెట్టింది. పై చీటీకి రక్తం చుక్క అంటింది. "కింద ఎనిమిది. పైన ఆరు. మాత్రలు ఐదు. అన్నిటి మీదా తేదీ ఉంది, ముద్ర ఉంది. ఐదో రోజని రాసి పంపితే అక్కడ మళ్ళీ ఒకటితో మొదలెడతారు. మీరు సోమవారం రెండో రోజు అన్నప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. పరదా వెనకాల. పదహారని నాకు తెలుసు. చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?" అంది డాక్టరమ్మ. గొంతులో కోపం లేదు, నమ్మలేనితనం.

"చెబితే ఆపేస్తారని."

డాక్టరమ్మ చీటీలు ఒక్కొక్కటే తిప్పింది. తొమ్మిదో దాని దగ్గర వేగం తగ్గింది. పద్నాలుగు దగ్గర కళ్ళజోడు పైకి తోసుకుంది. పంతొమ్మిదో చీటీ మీద ముద్ర లేదు.

"ఇవాళ్టిది వేశారా సిస్టర్?" అని లోపలికి కేకేసింది.

"పొద్దుటిది వేశాం. రెండోది మందు రాలేదింకా."

"వెయ్యొద్దు."

పెద్ద డాక్టరు వచ్చాడు. కట్టను చేతిలో బరువు చూస్తున్నట్టు పట్టుకున్నాడు. పెద్ద సిస్టరు, నేల చూస్తూ, "గది మారితే కొత్త షీటు సార్. మందు రూపం మారినా కొత్త లైను. మన పద్ధతి అదేగా" అంది.

"పద్ధతి," అన్నాడు పెద్ద డాక్టరు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, ఐదు కొట్టేసి, పక్కన పంతొమ్మిది వేసి, మందు పేరు మీద అడ్డంగా గీత గీశాడు. "దీని బదులు వేరేది మొదలెట్టండి. కిడ్నీ కూడా మందగించింది, మందు లోపలే పేరుకుపోయుంటుంది. బదిలీ వద్దు, ఈ లెక్కతో కదిలిస్తే దార్లోనే..." ఆమె ఉందని గుర్తొచ్చి ఆగాడు. "మేం రాయాల్సిన లెక్క అమ్మా ఇది. మీరు పెట్టుకోవాల్సింది కాదు."

ఆ మాట ఆమెను విడుదల చేస్తుందని ఆయన అనుకుని ఉంటాడు. చెయ్యలేదు.

"అందరి షీట్లూ మొదట్నించీ చూస్తాను," అంది డాక్టరమ్మ ఆమెను తలుపుదాకా తీసుకొస్తూ. "ఇవాళే."

మరిది అంబులెన్సుకు ఫోను చేసి రావద్దన్నాడు. ఆ తర్వాత గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె అతనికి కూడా చెప్పింది, సోమవారం సంగతి. అతను తిరగలేదు.

"నేనైతే మాత్రం చెప్పుండేవాణ్ణా వదినా," అన్నాడు, గోడతోనే. ఆ ప్రశ్న ఆమె కోసమో తన కోసమో తెలీలేదు.

శుక్రవారం పంతొమ్మిది వేలు. శనివారం పదిహేడు.

మందు ఆపాక కూడా పడుతూనే ఉంటే ఇక దేన్ని ఆపాలి? కత్తెరమ్మ ఇనపకుర్చీలో కూచుని కొలతల టేపును వేలికి చుట్టడం, విప్పడం, చుట్టడం. రెండుసార్లు దాతలొచ్చారు, మరిది షెడ్డులోంచి ఒకడు, బస్టాండులోంచి ఒక కండక్టరు. కండక్టరు రక్తమిచ్చి వచ్చి, "మైకాయన లేకపోతే బస్సులు టైముకొస్తున్నాయమ్మా, అందరికీ అదోలా ఉంది" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. మైకాయన వయసులో సగం ఉంటాడు, అచ్చం ఆయనలాగే చివరి మాట సాగదీశాడు.

ఆదివారం పద్దెనిమిది.

"పెరిగిందా మాష్టారూ, అది?"

"ఒక అడుగు వెనక్కి వేసేవాడు ఆగాడంటే ముందుకు వేస్తాడనే," అన్నాడు డ్రిల్లు మాష్టారు. "ఆగడమే గొప్ప."

సోమవారం ఇరవై ఆరు. ఎవరూ ఎక్కించకుండా, వాటంతటవే. అరగంట సమయంలో ముక్కులో దూది తెల్లగా ఉంది. గొట్టం అలాగే ఉంది, యంత్రం అలాగే కొడుతోంది, కళ్ళు అలాగే మూసుకుని ఉన్నాయి. బయటి వస్తువులు లోపలికి పోనివ్వరు గాని, ఇవాళ తలుపు దగ్గర టేపు లాక్కోవడం మర్చిపోయారు గనక అది ఆమె చేతిలోనే ఉంది. చుట్టిన టేపును ఆయన అరచేతిలో పెట్టింది. వేళ్ళు దానిచుట్టూ మెల్లగా ముడుచుకున్నాయి, మైకు పిడి పట్టుకున్నట్టు. మాట మాత్రం రాలేదు. ఆమె టేపు వదిలేసి వచ్చింది.

బయటికి రాగానే డబ్బా పిలుస్తోంది. "నాలుగో మంచం తాలూకు."

డ్రిల్లు మాష్టారు పరుగున వెళ్ళి, పరుగున వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"చెల్లెమ్మా, మనకూ ప్రమోషనే! సంచి మానేసి ఇవాళ్టినించి మాత్రట. మింగలేదు గనక గొట్టంలోనే పోస్తారనుకో. అయినా సంచినించి మాత్రకంటే మెట్టు ఎక్కినట్టేగా?" చీటీ ఊపాడు. "కిందికెళ్తున్నా. నీకేమైనా తేనా?"

"అమ్మాయి ఎలా ఉంది?"

"బావుంది బావుంది. కాళ్ళమీద ఏవో ఎర్రచుక్కలొచ్చాయి. ఏసీ గదిలో దోమలేమిటో! అరగంట మించి మనల్నే ఉండనివ్వరు గదా, వాటినెవరు రానిచ్చారని సిస్టర్ని నిలదీశాను." నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి నవ్వు మెల్లగా దిగిపోయింది. "ఏం చెల్లెమ్మా?"

"చీటీ చూపించండి."

చదవలేదు. నీలం గీత పెట్టె మీది పేరు అక్షరాల ఆకారం ఆమెకు చొక్కా లేబుల్లా వచ్చు, ఇదీ అదే.

"కళ్ళజోడు డాక్టరమ్మ మీ షీటు చూసిందా?"

"ఆవిడెక్కడుంది? గురువారం సాయంత్రమే పిల్లల వార్డుకు మార్చారుగా. కొత్తబ్బాయి వచ్చాడు, మంచివాడే."

గది మారితే కాగితం మారుతుంది. మనిషి మారితే మాట మారుతుంది. కత్తెరమ్మ ఆయన్ను చెయ్యిపట్టి కుర్చీలో కూచోబెట్టింది. చొక్కా చేతి మీద రంగు కలవని తన కుట్టు కనపడింది.

"పాత చీటీలు ఏవి మాష్టారూ?"

"చెత్తబుట్టదాకా ఎవరెళ్తారు, అన్నీ జేబుల్లోనే." చొక్కా జేబు, ప్యాంటు జేబు, కళ్ళజోడు డబ్బా, అన్నీ తడిమి నలిగిన కాగితాల పోగు ఆమె ఒళ్ళో పోశాడు. ఆమె ఒక్కొక్కటీ తొడ మీద పెట్టి అరచేత్తో ఇస్త్రీ చేసింది. తేదీల వరసన పేర్చింది. బ్లౌజు లోపలినించి పిన్నీసు తీసింది.

"ఎన్నో రోజన్నారు లోపల?"

"ఒకటో రోజు."

"లెక్కపెట్టండి. మీకు అలవాటేగా."

మాష్టారు నడుం నిటారు చేశాడు. "వన్," అన్నాడు మైదానం గొంతుతో, హాల్లో నలుగురు తిరిగి చూశారు. "టూ. త్రీ." ఆమె ఒక్కో అంకెకు ఒక్కో చీటీ పిన్నీసుకు గుచ్చుతోంది. ఎనిమిది దాకా ఆ గొంతు అలాగే ఉంది. తొమ్మిది దగ్గర ఆయన తలుపు వైపు చూశాడు. పది, పదకొండు మామూలు మనిషి గొంతుతో అన్నాడు. పన్నెండు పెదవులతో అన్నాడు.

ఒళ్ళో ఇంకొకటి మిగిలింది, ఇవాళ్టి చీటీ.

"పదమూడు," అంది కత్తెరమ్మ. గుచ్చింది. పిన్నీసు మూసి, ఆయన చేతిలో పెట్టి లేచింది.

తలుపు దగ్గర కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "అరగంట అయిపోయిందమ్మా. మళ్ళీ రేపు."

"రేపు పద్నాలుగు," అంది, ఆ చెయ్యి పక్కకు తోస్తూ.